యుద్ధం లేని ఇరవై ఏళ్లలో వాంపైర్ నౌక

మా అవ్వ 1942 సంవత్సరాన్ని ఏనాడూ అంకెల్లో చెప్పలేదు. ‘మద్రాసోళ్లు మూటలతో వచ్చిన ఎండాకాలం’ అనేది. అప్పుడు చిత్తూరులో మా తాతగారిది మూడు గదుల పెంకుటిల్లు. ఆ ఏప్రిల్‌లో తాతగారి మేనత్త కుటుంబమూ, వారి పక్కింటివారూ కలిసి పదకొండు మంది కాట్పాడి మీదుగా రైలులో వచ్చి ఆ ఇంట్లో దిగారు. జపాను నౌకాదళం బంగాళాఖాతంలోకి చొరబడిందనీ, ఏ రోజైనా మద్రాసు మీద బాంబులు పడవచ్చుననీ భయపడి వేలాది కుటుంబాలు ఇలాగే లోపలి ఊళ్లకు తరలిపోయాయి. వచ్చినవారికి రోజూ సంగటి కెలికి చేతులు కాయలు కాచాయని చెప్పేటప్పుడు అవ్వ గొంతులో ఫిర్యాదు ఉండేది కాదు. ఇంతమందిని పరుగెత్తించిన ఆ సముద్రం ఎలా ఉంటుందో తాను ఎప్పుడూ చూడలేదని మాత్రం అనేది.

ఆ వారంలో సముద్రం మీద ఏం జరిగిందో తెలుసుకోవాలని కొన్నేళ్లుగా దొరికినదల్లా చదువుతున్నాను. ఏప్రిల్ 5న జపాను అడ్మిరల్ నగుమో విమానాలు కొలంబో మీద దాడి చేసి, అదే రోజు సముద్రంలో కార్న్‌వాల్, డోర్సెట్‌షైర్ అనే రెండు బ్రిటిష్ యుద్ధనౌకలను (క్రూయిజర్లను) ముంచాయి. 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. 9న ట్రింకోమలీ మీద దాడి జరిగింది. అదే ఉదయం సింహళం తూర్పు తీరంలో, బట్టికలోవా దగ్గర, హెర్మీస్ అనే విమానవాహక నౌక మునిగిపోయింది. ఈ సంగతులు రాసినవారు దాదాపు అందరూ చివర ఒక వాక్యం కలుపుతారు: హెర్మీస్‌కు కాపలాగా వచ్చిన వాంపైర్ అనే ఆస్ట్రేలియా డిస్ట్రాయర్, అంటే పెద్ద ఓడలకు కాపలా కాసే చిన్నపాటి వేగమైన యుద్ధనౌక, కూడా మునిగింది. నన్ను పట్టుకున్నది ఆ చివరి వాక్యమే. తిరుపతి నుంచి సుమారు 700 కిలోమీటర్ల దూరంలో, మన సముద్రంలోనే అడుగున పడి ఉన్న ఆ ఓడ అంతకుముందు ఏం చేసింది, ఎక్కడ తిరిగింది, ఎవరి చేతుల్లో ఉంది అని వెతకడం మొదలుపెట్టాను. రెండు యుద్ధాల గురించీ వివరంగానే దొరికింది. ఆ రెంటికీ మధ్య గడిచిన ఇరవై సంవత్సరాల పైచిలుకు కాలాన్ని మాత్రం చాలామంది ‘రిజర్వులో ఉంది’, అంటే సిబ్బంది లేకుండా రేవులో కట్టేసి ఉంది, అన్న రెండు మాటలతో దాటేశారు. ఆ ఓడ బతుకూ చావూ ఆ రెండు మాటల్లోనే నిర్ణయమయ్యాయని నాకు అనిపిస్తుంది కాబట్టి వాటి గురించే ఇక్కడ రాస్తున్నాను.

ఇంగ్లండుకు దక్షిణాన ఉన్న వైట్ ద్వీపంలో, కౌస్ పట్టణంలోని జె. శామ్యూల్ వైట్ కంపెనీ నౌకా నిర్మాణశాలలో 1916 అక్టోబరులో దీని నిర్మాణం మొదలైంది. అప్పుడు దీని పేరు వాలెస్. నీళ్లలోకి దిగకముందే ఆ పేరు మార్చి, రక్తపిశాచి అనే అర్థమున్న వాంపైర్ అన్న పేరు పెట్టారు. ఈ తరగతిలోని, అంటే ఒకే నమూనాలో కట్టిన, ఓడలకు ఇంగ్లీషులో ‘వి’ అక్షరంతో మొదలయ్యే పేర్లు పెట్టడం ఆనవాయితీ: వాలెంటైన్, వాల్‌హల్లా, వాల్కైరీ, వాలరస్, వాంపైర్. వదిలేసిన వాలెస్ పేరు తరువాత వేరొక డిస్ట్రాయర్‌కు వెళ్లింది. ఆ పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది కనుక పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. 1917 మే 21న జలప్రవేశం జరిగింది. సెప్టెంబరులో నౌక నౌకాదళ సేవలోకి వచ్చింది.

దీని పొడవు 312 అడుగులు, అంటే మన తిరుపతి స్టేషనులో ఆగే రైలులో నాలుగు పెట్టెలంత. వెడల్పు ముప్పై అడుగులకు కాస్త తక్కువ. అంత సన్నని ఒంట్లో 27,000 అశ్వశక్తి గల టర్బైన్లను ఇరికించి, 34 నాట్ల వేగం, అంటే గంటకు 63 కిలోమీటర్లు, రాబట్టారు. నాలుగు అంగుళాల ఫిరంగులు నాలుగు ఉండేవి. ముందు రెండు, వెనుక రెండు, ఒకదాని వెనుక ఒకటి మెట్టు మీద నిలబడినట్టు అమర్చడం వల్ల వెనుక ఫిరంగి ముందున్నదాని తల మీదుగా కాల్చగలిగేది. ముందుభాగం ఎత్తుగా ఉండి, ఓడను నడిపే అధికారులు నిలబడే ఎత్తైన వేదిక (బ్రిడ్జి) కాస్త వెనక్కి జరగడంతో ఉత్తర సముద్రపు అలలు ఆ ఫిరంగి సిబ్బందిని ముంచేయలేదు. ఇప్పుడు వినడానికి చిన్న మార్పుల్లా ఉన్నా, ఆ తరువాత కొన్నేళ్లపాటు ఇతర దేశాల నౌకాదళాలు డిస్ట్రాయర్ అంటే ఇలా ఉండాలని ఈ నమూనానే చూశాయి. పైగా వాంపైర్ మామూలు డిస్ట్రాయర్ కాదు, దళనాయక నౌక. చిన్న ఓడల దళానికి ఆజ్ఞలిచ్చే కెప్టెన్‌కూ ఆయన కార్యాలయ సిబ్బందికీ ఇందులో అదనపు గదులు ఉండేవి. నీటిలో దూసుకుపోయి పేలే టార్పిడోలను వదిలే గొట్టాలను రెండేసి కాక మూడేసి చొప్పున ఒక చట్రం మీద బిగించి చూసిన ప్రయోగం కూడా దీని మీదే జరిగింది.

1918 నవంబరులో యుద్ధం ఆగింది. అయితే ఈ తరగతి ఓడలకు వెంటనే విశ్రాంతి దొరకలేదు. వాటిలో కొన్ని బాల్టిక్ సముద్రానికి వెళ్లాయి. తరువాతి కాలంలో వాంపైర్‌తోపాటు ఆస్ట్రేలియాకు వెళ్లబోయే వెండెటా అనే నౌక 1918 డిసెంబరులో ఎస్టోనియా తీరంలో ఉంది. ఆ నెల 26, 27 తేదీల్లో బోల్షివిక్ డిస్ట్రాయర్లు స్పార్టాక్, అవ్‌త్రోయిల్‌లను బ్రిటిష్ దళం వెంటాడి పట్టుకున్నప్పుడు ఆ వేటలో వెండెటా కూడా పాల్గొంది. స్పార్టాక్‌లో దొరికిన బందీలలో సోవియట్ నాయకుడు రస్కోల్నికోవ్ ఉన్నాడు. పట్టుబడిన రెండు నౌకలనూ ఎస్టోనియాకు ఇచ్చేశారు. 1933లో ఎస్టోనియా వాటిని దక్షిణ అమెరికాలోని పెరూకు అమ్మింది. వేటాడిన వెండెటా కూడా సరిగ్గా అదే సంవత్సరం చేతులు మారి భూగోళం అవతలి వైపుకు ప్రయాణం కట్టింది.

ఆ మధ్య కాలంలో బ్రిటన్ ఖజానా వట్టిపోయింది. రాబోయే పదేళ్లలో పెద్ద యుద్ధం రాదన్న ఊహ మీద సైనిక ఖర్చులు వేసుకోవాలని 1919 ఆగస్టులో మంత్రివర్గం నిర్ణయించింది. ఏటా ఆ పదేళ్ల గడువును ముందుకు జరుపుకుంటూ పోయి, 1932లో గానీ దాన్ని వదలలేదు. కొత్త డిస్ట్రాయర్లు చాలా ఏళ్లపాటు కట్టలేదు. ఉన్న వి తరగతి, దాని తమ్ముడైన డబ్ల్యూ తరగతి ఓడలే అట్లాంటిక్, మధ్యధరా దళాల పనంతా మోశాయి. 1930లో లండన్ నౌకా ఒప్పందం వచ్చింది. అంతకుముందు వాషింగ్టన్ ఒప్పందం పెద్ద యుద్ధనౌకలను కట్టడి చేసింది కానీ డిస్ట్రాయర్లను తాకలేదు. ఈ ఒప్పందం వాటికీ లెక్క పెట్టింది. బ్రిటన్, అమెరికాలకు చెరి 1,50,000 టన్నులు, జపానుకు 1,05,500 టన్నులు. ఒక్కో ఓడ 1,850 టన్నులు దాటకూడదు. వయసుకు కూడా హద్దు పెట్టారు. 1921కి ముందు నిర్మాణం మొదలైన డిస్ట్రాయర్‌కు 12 ఏళ్లు నిండితే వయసు మళ్లినట్టే. ఆ లెక్కన వాంపైర్, ఒప్పందం మీద సంతకాలు పడే నాటికే ముసలిది.

ముసలి ఓడను పాత ఇనుముగా అమ్మివేయవచ్చు. కానీ ఆస్ట్రేలియా దగ్గర అంతకంటే బలహీనమైనవి ఉన్నాయి. మొదటి యుద్ధం ముగిశాక బ్రిటన్ కానుకగా ఇచ్చిన అంజాక్ అనే దళనాయక నౌక, ఎస్ తరగతికి చెందిన అయిదు చిన్న డిస్ట్రాయర్లు అప్పటికి అరిగిపోయాయి. ఆర్థిక మాంద్యం ఆ దేశాన్ని ఎంతగా పీడించిందంటే, నౌకాధికారులను తయారుచేసే కళాశాలను జెర్విస్ బే నుంచి ఎత్తేసి, 1930లో ఫ్లిండర్స్ నౌకాస్థావరంలోకి మార్చవలసి వచ్చింది. కొత్త ఓడలు కొనే స్తోమత లేదు. ఉత్తరాన జపాను 1931లో మంచూరియాను ఆక్రమించి, 1933 మార్చిలో నానాజాతి సమితి నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అలాంటి సమయంలో స్టూవర్ట్, వాంపైర్, వెండెటా, వాయేజర్, వాటర్‌హెన్ అనే అయిదు నౌకలను బ్రిటన్ అరువుగా ఇచ్చింది. అమ్మలేదు, దానమూ చేయలేదు. అరువు అన్న ఈ మాట చాలా ముఖ్యమైనదని నా అభిప్రాయం. అరువు తెచ్చిన వస్తువును జాగ్రత్తగా వాడుకుంటాము గానీ, దాని మీద సొంత డబ్బు పెట్టి రూపురేఖలు మార్చము.

1933 అక్టోబరు 11న వాంపైర్ మీద ఆస్ట్రేలియా సిబ్బంది బాధ్యత తీసుకున్నారు. కొద్ది రోజుల్లో అయిదు ఓడలూ ఇంగ్లండు నుంచి బయలుదేరి, సూయజ్ కాలువ దాటి, హిందూ మహాసముద్రం మీదుగా డిసెంబరు 21న సిడ్నీ చేరాయి. 15 నాట్ల నిదానపు వేగంతో పోతే ఈ తరగతి ఓడ ఒకసారి నింపిన నూనెతో దాదాపు 3,500 నాటికల్ మైళ్లు పోగలదు, పూర్తి వేగంతో పోతే వెయ్యి మైళ్లు కూడా పోలేదు. కాబట్టి ఆ రెండు నెలల ప్రయాణమంతా ఇంధనాన్ని పొదుపు చేసుకుంటూ, రేవు నుంచి రేవుకు సాగినదే. ఎనిమిదేళ్ల పైచిలుకు తరువాత తనకు సమాధి కాబోయే సముద్రాన్ని అప్పుడు అది ఏ ఆటంకమూ లేకుండా దాటిపోయింది.

సిడ్నీకి చేరిన ఆరు వారాలకే, 1934 జనవరి ఆఖరున, వాంపైర్‌ను సేవ నుంచి దించి రిజర్వులో పెట్టారు. కారణం ఓడలో లోపం కాదు. అయిదు ఓడలకూ ఒకేసారి సిబ్బందిని ఇవ్వగల శక్తి ఆ నౌకాదళానికి లేదు. 1936 జూలైలో కొద్ది రోజులు కదిలించి చూసి, మళ్లీ కట్టేశారు. 1938 మే వరకు, అంటే నాలుగేళ్లకు పైగా, అది సిడ్నీ రేవులోనే ఉంది.

చరిత్రకారులు ఒక్క వాక్యంలో దాటే ఆ నాలుగేళ్లలో ఆ ఓడ ఏమైపోయి ఉండాలో ఆలోచించండి. ఆవిరి యంత్రాల ఓడ కదలకుండా నిలబడితే తిరిగే ఓడ కంటే వేగంగా చెడుతుంది. బాయిలరులోని సన్నని గొట్టాలలో తడి మిగిలితే లోపలి నుంచి తుప్పు తింటుంది. అందుకని ఒకటి చేయాలి: నీటిని పూర్తిగా తీసేసి పొడిగా ఉంచాలి, లేదంటే గాలి చొరబడకుండా అంచు దాకా నింపి మూసేయాలి. టర్బైన్ ఇరుసును అప్పుడప్పుడు తిప్పుతూ ఉండాలి. తిప్పకపోతే అది తన బరువుకు తానే వంగుతుంది. ఫిరంగుల గొట్టాలకు, టార్పిడో గొట్టాలకు గ్రీజు పూసి కప్పాలి. అడుగున పేరుకునే నత్తగుల్లలను, నాచును గీకించాలి. వీటికి తోడు కండెన్సర్ ఉంది. టర్బైన్‌ను తిప్పిన ఆవిరిని మళ్లీ నీటిగా మార్చడానికి వందలాది ఇత్తడి గొట్టాల గుండా సముద్రపు నీటిని పంపి చల్లబరుస్తారు. అందులో ఒక్క గొట్టానికి సూదిమొనంత రంధ్రం పడినా, ఉప్పు బాయిలరులోకి చేరుతుంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. 27,000 అశ్వశక్తిని పుట్టించే బాయిలరు గొట్టాలలో అలాంటి పొర కడితే వేడి లోపలికి అందక గొట్టం కాలి పగులుతుంది. ఈ పనులు చేసిన కొద్దిమంది కార్మికుల, నావికుల పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. 1939లో పిలుపు వచ్చినప్పుడు, ఇరవై రెండేళ్ల వయసున్న ఆ ఓడ సగం ప్రపంచాన్ని దాటి మధ్యధరా సముద్రానికి వెళ్లగలిగిందంటే, ఆ పేరులేని మనుషుల చేతి పని వల్లనే వెళ్లగలిగింది. నేను ఈ ఓడను గురించి రాయాలనుకోవడానికి మొదటి కారణం వారే.

ఆ నాలుగేళ్లలో జరగని పని కూడా ఒకటి ఉంది. వాంపైర్ ఫిరంగుల మూతులు 30 డిగ్రీలకు మించి పైకి లేవవు. 1917లో ఆ అవసరం లేదు, శత్రువు నీటి మీదే ఉండేవాడు. 1930ల నడుమ నాటికి నిట్టనిలువుగా దూకి బాంబు వేసే విమానాలు అన్ని పెద్ద నౌకాదళాల దగ్గరా తయారవుతున్నాయి. బ్రిటన్ ఆ ప్రమాదాన్ని గుర్తించి, తన దగ్గర మిగిలిన వి, డబ్ల్యూ తరగతుల ఓడల్లో కొన్నింటి పాత ఫిరంగులను పీకేసి, ఆకాశంలోకి కాల్చగల జంట ఫిరంగులను అమర్చే పనిని 1938లో మొదలుపెట్టింది. అలా కొత్త రూపం పొందినవాటిలో వాంపైర్ అక్కచెల్లెళ్లయిన వాలరస్, వాలెంటైన్ ఉన్నాయి. వాంపైర్ వదిలేసిన పేరు పెట్టుకున్న వాలెస్ కూడా ఉంది. భూమికి ఆ చివర అరువు మీద ఉన్న వాంపైర్‌కు ఆ భాగ్యం కలగలేదు. అమరిస్తే అది బతికేదని నేను చెప్పబోవడం లేదు. కొత్త ఫిరంగులు పెట్టుకున్న వాలెంటైన్‌ను కూడా 1940 మేలో డచ్చి తీరంలో జర్మన్ విమానాలే బలి తీసుకున్నాయి. కానీ ఆకాశం వైపు తల ఎత్తలేని ఫిరంగులతో ఒక ఓడను విమానాల యుద్ధంలోకి పంపే పరిస్థితి ఏ ఒక్కనాడో రాలేదు. ఖజానా లెక్కల్లో, ఒప్పందాల అంకెల్లో, అరువు షరతుల్లో అది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోగుపడింది.

1938 మేలో వాంపైర్ మళ్లీ సేవలోకి వచ్చింది. ఐరోపాను యుద్ధం అంచుకు తెచ్చిన మ్యూనిక్ సంక్షోభం అప్పటికి నాలుగు నెలల దూరంలో ఉంది. స్థావరాలకు అనుబంధ నౌకగా, కొత్త నావికులకు శిక్షణ ఓడగా ఆ ఏడాదిన్నర గడిచింది. దాని గురించి చెప్పదగినది పెద్దగా లేదు. 1939 అక్టోబరులో అయిదు ఓడలూ సిడ్నీ తీరం విడిచి సింగపూరు చేరాయి. అక్కడి నుంచి మధ్యధరాకు పంపబడ్డాయి. జర్మన్ ప్రచారకులు ఈ దళాన్ని పాత ఇనుము అని ఈసడించారట. స్టూవర్ట్ నుంచి దళాన్ని నడిపిన హెక్టర్ వాలర్ దగ్గర పనిచేసిన నావికులు ఆ మాటనే తమ దళం పేరుగా చేసుకున్నారు. ఇటలీ నౌకాదళంతో పోరులో, ముట్టడిలో ఉన్న టొబ్రూక్‌కు సరుకులు మోయడంలో, గ్రీసు నుంచి సైన్యాలను తరలించడంలో అవి విశ్రాంతి లేకుండా తిరిగాయి. 1941 మే నాటికి వాంపైర్ యంత్రాలు ఇక మరమ్మతు లేకుండా సాగలేని స్థితికి వచ్చాయి. దాన్ని సింగపూరుకు పంపారు.

అక్కడికి వెళ్లడం వల్లనే అది తూర్పు యుద్ధంలో చిక్కుకుంది. 1941 డిసెంబరు 10న ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు మహానౌకలను జపాను విమానాలు ముంచినప్పుడు, వాటికి కాపలా వెళ్లిన డిస్ట్రాయర్లలో వాంపైర్ ఒకటి. రిపల్స్ నావికులలో రెండు వందల మందికి పైగా నీళ్లలో నుంచి అది తన మీదికి లాక్కుంది. తన సిబ్బందికి దాదాపు రెట్టింపు మంది మూడు వందల అడుగుల ఓడ మీద, నూనె పూసుకున్న ఒళ్లతో నిలబడిన దృశ్యాన్ని ఊహించుకుంటే, పదకొండు మందిని ఇంట్లో సర్దుకున్న మా అవ్వ నాకు గుర్తుకు వస్తుంది. 1942 జనవరి 26 అర్ధరాత్రి దాటాక మలయా తూర్పు తీరంలో ఎండౌ దగ్గర జపాను రవాణా ఓడల మీదికి వెళ్లిన రెండు డిస్ట్రాయర్లలోనూ అది ఉంది. రెండోదైన థానెట్ అక్కడే మునిగింది. థానెట్‌ది ఎస్ తరగతి. 1933లో వాంపైర్ వచ్చి ఏ తరగతి ఓడలను పక్కకు జరిపిందో ఆ తరగతిదే.

ఏప్రిల్ 8 రాత్రి, మర్నాడు దాడి తప్పదని తెలిసి, ట్రింకోమలీ రేవులోని ఓడలను ఖాళీ చేయించారు. హెర్మీస్, వాంపైర్ తీరం వెంబడి దక్షిణానికి వెళ్లి, పొద్దున వెనుదిరిగాయి. హెర్మీస్ మీద ఆ రోజు ఒక్క విమానమూ లేదు. జపాను గస్తీ విమానం వాటిని చూసింది. ఎనభై దాకా బాంబర్లు వచ్చి పడ్డాయి. హెర్మీస్ అరగంట తిరగకముందే మునిగింది. 307 మంది పోయారు. ఆ వెంటనే విమానాలు వాంపైర్ మీదికి మళ్లాయి. బాంబుల దెబ్బకు అది రెండు ముక్కలైంది. కెప్టెన్ విలియం మోరన్ ఓడతోపాటు పోయాడు. ఆయనను కలుపుకొని చనిపోయినవారు పది మందికి లోపే. మిగిలినవారందరూ నీళ్లలోకి దూకి బయటపడ్డారు. దగ్గరలో ఉన్న వీటా అనే ఆసుపత్రి నౌక రెండు ఓడలవాళ్లనూ కలిపి ఆరు వందల మంది దాకా ఏరి ఎక్కించుకుంది. నాలుగు నెలల క్రితం రిపల్స్ నావికులకు తాళ్లు అందించినవారు ఈసారి తాళ్లు అందుకున్నారు.

2022లో జిల్లాలు మారినప్పుడు సూళ్లూరుపేట, తడ, వాకాడు మండలాలు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. కొండల ఊరుగానే మనం చెప్పుకునే తిరుపతికి ఇప్పుడు సొంత సముద్రతీరం ఉంది. పోయిన మాఘంలో తూపిలిపాళెం తీరానికి వెళ్లాను. మా అవ్వ చూడలేకపోయిన నీళ్లు అవి. దక్షిణం వైపుకు తిరిగి, చేపల పడవలు వస్తున్న దిక్కుగా చాలాసేపు నిలబడ్డాను. మద్రాసు బంధువులు ఆ ఏడు దసరాకు ముందే తిరిగి వెళ్లిపోయారని, వెళ్తూ వెళ్తూ మేనత్త తన ఇత్తడి బిందెను అవ్వకు వదిలి వెళ్లిందని చెప్పాను కదా అనుకున్నాను, చెప్పలేదు. ఆ బిందె ఇప్పటికీ మా వంటింట్లో మంచినీళ్లకు వాడుతున్నాము.